పచ్చికి ఆపోజిట్ ఏమిటి?



మొన్నొక సాయంత్రం పక్కింటి పిల్ల ఇంగ్లీషు నోట్‌బుక్కు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆరో తరగతి చదువుతోంది. మొహం గంటు పెట్టుకుని ఉంది. పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. పైన ‘ఆపోజిట్స్’ అని రాసి ఉంది, కింద పది మాటలు. తొమ్మిదింటికి టిక్కులు పడ్డాయి. నాలుగోదానికి మాత్రం ఎర్ర సిరాతో ఇంటూ మార్కు. ఆ మాట ‘లైట్’. పిల్ల దానికెదురుగా ‘హెవీ’ అని రాసింది. టీచరు దాన్ని కొట్టేసి పక్కన ‘డార్క్’ అని దిద్దారు.

“నా స్కూలు బ్యాగు రోజూ హెవీగా ఉంటుంది కదా తాతయ్యా. డ్రాయింగ్ పోటీ రోజున మాత్రం లైట్‌గా ఉంది. మరి నాది తప్పెలా అయింది?” అని అడిగింది.

నేను జవాబు కోసం తడుముకుంటుంటే లోపల్నుంచి మా ఆవిడ కేకేసింది, “టీ లైట్‌గా పెట్టనా, స్ట్రాంగ్‌గా పెట్టనా?” అని. పిల్ల నా వంక చూసింది, నేను పిల్ల వంక చూశాను. లైట్‌కి మూడో ఆపోజిట్టు వంటింట్లోంచి వచ్చిపడింది. నాలుగోది మన కుర్రాళ్ళ దగ్గరుంది. ఏదైనా పట్టించుకోవద్దంటే “లైట్ తీస్కో” అంటారు కదా, దానికి ఎదురు సీరియస్‌గా తీసుకోవడం. ఆ పిల్ల చేసింది అదే. ఒక్క మార్కును సీరియస్‌గా తీసుకుంది.

టీచరుది తప్పని నేననను. ఒక్కొక్క తరగతికీ బోలెడు పుస్తకాలు దిద్దాలి, గైడులో డార్క్ అనే ఉండి ఉంటుంది. తప్పు ప్రశ్నలో ఉంది. వాక్యం లేకుండా మాటనొక్కదాన్నే తెచ్చి నిలబెట్టి, నీకు ఎదురెవరు అని అడిగితే అదేం చెబుతుంది పాపం?

ఈ సంగతి ఇంగ్లీషుతో మొదలుపెడితే తెమలదు. మన వంటింటి నుంచే మొదలుపెడదాం. ‘పచ్చి’ అనే మాట తీసుకోండి. దానికి వ్యతిరేక పదం ఏమిటి? పచ్చి కాయకు ఎదురు పండిన కాయ. పచ్చి పాలకు ఎదురు కాచిన పాలు. పచ్చిమిరపకాయకు ఎండుమిరపకాయ ఎదురు. పండుమిరపకాయ కూడా ఎదురే, ఆ రెండూ ఒకటి కాదని కొరివికారం పట్టే ఏ ఇల్లాలైనా చెబుతుంది. పచ్చి ఇటుకకు కాల్చిన ఇటుక, పచ్చి పుండుకు మానిన పుండు. ఇంతవరకూ బాగానే ఉంది. మరి పచ్చి అబద్ధానికో? పండిన అబద్ధమా, ఎండు అబద్ధమా, కాచి చల్లార్చిన అబద్ధమా? అక్కడ పచ్చికి ఎదురే లేదు. అబద్ధానికే ఎదురుంది.

ఈ జాబితాను మనకెవరూ బట్టీ పట్టించలేదు. పచ్చి పాలు చూశాం, కాచిన పాలు చూశాం, మాటలు వాటంతటవే వచ్చాయి. ‘మంచినీళ్ళు’ కూడా అంతే. మంచికి ఎదురు చెడు అని ఒకటో తరగతిలోనే చెప్పారు. అయినా మంచినీళ్ళకు ఎదురు చెడ్డనీళ్ళు అని తెలుగువాడెవడూ అనడు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉప్పునీళ్ళంటారు, హైదరాబాదు అపార్టుమెంట్లలో బోరునీళ్ళంటారు.

ఇంగ్లీషు వాళ్ళకు ఆ మంచినీళ్ళ బదులు ‘ఫ్రెష్ వాటర్’ ఉంది. చెరువుదీ నదిదీ ఫ్రెష్ వాటర్, సముద్రానిది ‘సాల్ట్ వాటర్’. అదే ఫ్రెష్ రొట్టె పక్కన చేరితే దాని ఎదురు ‘స్టేల్’, అంటే పాచిపోయిన రొట్టె. చేపల పక్కన చేరితే ‘ఫ్రోజెన్’, ఐసులో గడ్డకట్టించినవి. కాఫీ పొడి కొట్లో దాని ఎదురు ఒకటి, కూరగాయల బండి దగ్గర ఇంకొకటి. ఇక మాదాపూరులో ఉద్యోగం వెతుక్కునే కుర్రాణ్ణి ‘ఫ్రెషర్’ అంటారు, అతనికి ఎదురు ‘ఎక్స్‌పీరియన్స్‌డ్’. ఆ కుర్రాణ్ణి పట్టుకుని ఫ్రెష్‌కు ఆపోజిట్ స్టేల్ అని రాస్తే అనుభవజ్ఞులకు కోపాలొస్తాయి.

‘ఓల్డ్’ ఉంది. మనిషికైతే దాని ఎదురు ‘యంగ్’, వస్తువుకైతే ‘న్యూ’. మనకు ముసలి వేరు, పాత వేరు కాబట్టి చిక్కు లేదు. ఇంగ్లీషులో ‘మై ఓల్డ్ టీచర్’ అంటే ముసలి మాస్టారో, ఒకప్పటి మాస్టారో ముందూ వెనకా మాటలు చూస్తే గాని తేలదు. ఆయనకు ఇప్పుడు నలభై ఏళ్ళే కావచ్చు. ‘షార్ట్’ కూడా ఇలాంటిదే. మనిషి షార్ట్ అయితే ఎదురు ‘టాల్’, జుట్టు షార్ట్ అయితే ఎదురు ‘లాంగ్’. మనం రెండింటినీ పొడుగే అంటాం. అందుకే మన పిల్లలు పొడుగాటి మనిషిని లాంగ్ మ్యాన్ చేసేస్తారు. దాన్ని తెలివితక్కువ కింద జమకట్టకండి. ఆ మాటలు వాళ్ళకు మనుషుల మధ్య తగల్లేదు, జంటల పట్టికలో తగిలాయి.

అలాగని ఇబ్బంది మనకొక్కరికే లేదు. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకుంటే వాడికీ తిప్పలే. వాడికి ‘థిన్’ ఒక్కటే. మనకు మజ్జిగ పల్చన, దారం సన్నం, మనిషి బక్క. వాడు మజ్జిగ బక్కగా ఉందంటే మనం నవ్వి సరిపెట్టుకుంటాం గాని మార్కులు కొయ్యం.

అన్ని జంటలూ ఒకే తీరులో ఎదురెదురుగా ఉండవు. ఇక్కడ కాసేపు ఆగాలి. నీళ్ళు వేడిగా లేవు అన్నామనుకోండి, చల్లగా ఉన్నట్టేనా? కాదు. గోరువెచ్చగా ఉండొచ్చు. హాట్‌కీ కోల్డ్‌కీ మధ్య పెద్ద మైదానం ఉంది, అందులో వార్మ్ ఉంది, కూల్ ఉంది, లూక్‌వార్మ్ ఉంది. ‘నాట్ హ్యాపీ’ అన్నవాడు ఏడుస్తున్నాడని అనుకోనక్కర్లేదు. చావు బతుకుల సంగతి అలా కాదు. చావలేదంటే బతికున్నట్టే, మధ్యలో జాగా లేదు. పరీక్షలో పాసూ ఫెయిలూ అంతే. కాబట్టి ‘నాట్’ చేర్చి అర్థం తిరగెయ్యవచ్చా లేదా అన్నది ముందు చూసుకోవాలి. ఆఫీసులో పైవాడు మీ పనిని ‘నాట్ బ్యాడ్’ అన్నాడని ఇంటికి స్వీట్లు కొనుక్కెళ్ళే ముందు ఈ గోరువెచ్చని నీళ్ళను తలుచుకోండి.

మూడో తీరు ఇంకోటుంది. అమ్మడం, కొనడం. నేను కొంటే అవతలివాడు అమ్మినట్టే. వ్యవహారం ఒకటే, నిలబడిన చోట్లు రెండు. ‘బారో’, ‘లెండ్’ అనేవి ఇలాంటి జంట. మనకు అప్పు ఒకటే మాట, ఇవ్వడమూ తీసుకోవడమూ దాని తోకలు. చేబదులైనా అంతే. అందువల్ల మన పిల్లలకు ఈ రెండూ ఎప్పుడూ తారుమారవుతాయి. “కొంచెం నీ పెన్ను బారో ఇవ్వు” అన్నది నేను చెవులారా విన్నాను. అయితే ఇంగ్లీషువాడు మాత్రం అన్నిచోట్లా శుద్ధంగా ఉన్నాడా? ‘రెంట్’ చూడండి. ఇల్లు అద్దెకిచ్చినా రెంటే, అద్దెకు తీసుకున్నా రెంటే. ఓనరూ ఆయనే, కిరాయిదారూ ఆయనే.

వెళ్ళడం, రావడం సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. గో, కమ్ ఆపోజిట్లని రాస్తాం. మన ఇంట్లోంచి బయల్దేరే చుట్టం మాత్రం గుమ్మం దగ్గర “వస్తానండీ” అంటాడు. పోతానంటే మనసు ఒప్పదు. ఆ చుట్టాన్ని చూసి తెలుగు నేర్చుకునే పరాయిదేశస్థుడు ఏమనుకుంటాడో ఆలోచించండి.

ఇప్పుడు కాస్త చరిత్ర. ఎదురు మాటలు మనిషికి ఎప్పటినుంచో ఉన్నా, ‘యాంటనిమ్’ అనే పేరు మాత్రం పాతది కాదు. చార్లెస్ జాన్ స్మిత్ అనే ఇంగ్లండు మతాచార్యుడు 1867లో పర్యాయపదాలు, వ్యతిరేక పదాల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. దాదాపు ఆ కాలంలోనే ఆ పేరు వాడుకలోకి వచ్చింది. అంతకు పదిహేనేళ్ళ ముందు, 1852లో, పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు తన థెసారస్ తెచ్చాడు. 1805లో సొంత వాడకానికి రాసుకోవడం మొదలుపెట్టిన మాటల జాబితా అది. అచ్చయ్యేసరికి ఆయనకు డెబ్బై దాటాయి. మాటల్ని అక్షర క్రమంలో కాకుండా భావాల వరుసలో పేర్చాడు. ఎదురు భావాల్ని ఒకే పేజీలో పక్కపక్క వరుసల్లో నిలబెట్టాడు. మొదటి భావం ఉనికి, దాని పక్కనే ఉనికి లేకపోవడం. ఒక మాట వెనక గుంపు ఉంటుందనీ, ఆ గుంపుకు ఎదురు గుంపు ఉంటుందనీ ఆయన గ్రహించాడు. సరిగ్గా అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసో లేదో గాని, ఇద్దరూ ఏళ్ళ తరబడి మాటలు పోగేసుకున్నవాళ్ళే.

అలాంటి పుస్తకాలు మన పిల్లల చేతికి వచ్చేసరికి ఏమయ్యాయో చూద్దాం. 1990లలో, ఆ తర్వాత పదేళ్ళలో హైదరాబాదులో ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్ళాలనుకున్న ప్రతి కుర్రాడి బల్ల మీదా బారన్స్ పుస్తకం ఉండేది. జీఆర్‌ఈ పరీక్ష కోసం. అందులో మూడున్నర వేల మాటల పట్టిక. మొదటి మాట ‘అబేస్’, తర్వాత ‘అబాష్’, ఆ తర్వాత ‘అబేట్’. బస్సులో, క్యాంటీనులో, హాస్టలు మేడ మీద అవే జపం. పరీక్షలో ఒక మాట పెద్దక్షరాల్లో ఇచ్చి, కింద అయిదు మాటల్లో దానికి బాగా ఎదురైనది ఏదో గుర్తుపట్టమనేవారు. వాక్యం ఉండదు. మా పక్కింటి పిల్ల నోట్‌బుక్కులో లైట్ ఉన్నట్టే.

ఆ అబేట్ సంగతే చెబుతాను. పట్టికలో చూసి ‘తగ్గు’ అని గుర్తుపెట్టుకుంటాడు మన కుర్రాడు. తప్పు కాదు. వాన అబేట్ అవుతుంది, తుఫాను అవుతుంది, నొప్పి అవుతుంది. ఇక ఆ తగ్గును పట్టుకుని, కూరలో ఉప్పు తగ్గితే దాన్నీ అబేట్ చేసేస్తాడు, పెళ్ళికూతురు ఒళ్ళు తగ్గితే ఆమెనూ చేసేస్తాడు. మన తగ్గు విశాల హృదయం గలది. జ్వరం తగ్గుతుంది, ధర తగ్గుతుంది, ఉప్పు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గుతుంది. ఎదుర్లు చూస్తే బండారం బయటపడుతుంది. జ్వరానికి ఎదురు పెరగడం. ఉప్పుకు ఎదురు ఎక్కువవడం. ఒళ్ళు తగ్గడానికి ఎదురు ఒళ్ళు చెయ్యడం. ఈ నాలుగు తగ్గులకూ ఇంగ్లీషులో ఒక్క అబేట్ సరిపోదు. మాటకు అర్థం తెలిసిందా లేదా అని పరీక్షించడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు. దాన్ని వాక్యంలో పెట్టి, ఆ వాక్యాన్ని తిరగేసి చూడాలి. తిరగబడితే అర్థమైనట్టు.

ఆ పరీక్షలు పెట్టేవాళ్ళకూ ఇది చివరికి తోచింది. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే ఎస్ఏటీ పరీక్షలోంచి 1994లోనే వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. జీఆర్‌ఈలోంచి 2011 ఆగస్టులో తీసేశారు. ఇప్పుడు అక్కడ వాక్యాలిచ్చి ఖాళీలు నింపమంటున్నారు. మన పోటీ పరీక్షల్లో మాత్రం ఒంటరి మాటలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కాబట్టి వాటికి చదివేవాళ్ళు చదవండి, వద్దనను. అచ్చుపుస్తకంలోని జంట పక్కన మీ చేత్తో ఒక వాక్యం రాసుకోండి, చాలు.

వాక్యం ఎక్కడ దొరుకుతుందంటారా? నిఘంటువులోనే ఉంటుంది, మనం చూడం. మా ఇంట్లో అట్ట ఊడిపోయిన శంకరనారాయణ నిఘంటువు ఉండేది. మా నాన్నగారి తరం ఇంగ్లీషంతా దాని మీదే నడిచింది. ఇంగ్లీషు మాటకు తెలుగు మాట చెబుతుంది, మేలైనదే. మాట ఎలా మసలుతుందో తెలియాలంటే మాత్రం నేర్చుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా కట్టిన నిఘంటువు కావాలి. అలాంటివి మొదలుపెట్టింది తూర్పుదేశాల్లో పనిచేసిన ఇంగ్లీషు మాస్టర్లే. మైకేల్ వెస్ట్ బెంగాల్లో విద్యాశాఖలో ఉండి, పిల్లల అవస్థ చూసి, 1935లో ఒక నిఘంటువు తెచ్చాడు. ఇరవై నాలుగు వేల పద ప్రయోగాలకు 1,490 తేలిక మాటలతోనే అర్థాలు చెప్పాడు. హార్న్‌బీ జపానులో పాఠాలు చెబుతూ కట్టిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. ఇప్పుడు మన విద్యార్థులు కొనుక్కునే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి అదే మూలం. అందులో అర్థం కింద వాలు అక్షరాల్లో వాక్యాలుంటాయి. మనవాళ్ళు అర్థం చూసి పుస్తకం మూసేస్తారు. అసలు సరుకు ఆ వాలు అక్షరాల్లో ఉంది.

కొన్ని మాటలు తమకు తామే ఎదురు తిరుగుతాయి. బ్యాంకు మేనేజరు లోను శాంక్షన్ అయిందంటే మనకు పండగ. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మన మీద శాంక్షన్లు పెట్టిందంటే అవి ఆంక్షలు. బట్టల కొట్లో ‘ఫాస్ట్ కలర్’ అంటే రంగు పరుగెత్తదని, కదలకుండా అంటుకుని ఉంటుందని. పరుగు పందెంలో ఫాస్ట్ అంటే వేరే చెప్పాలా? లైటు ‘గో ఆఫ్’ అయిందంటే ఆరిపోయింది, అలారం ‘గో ఆఫ్’ అయిందంటే మోగింది. ఇదేం భాష అని విసుక్కునే ముందు మన ఇంట్లో డబ్బా మూత తీసి చూడండి. “బియ్యం నిండుకున్నాయి” అంటుంది ఇల్లాలు. డబ్బా ఖాళీ! లేవనే మాట ఇంట్లో పలకకూడదని నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాం. ఈ కొండ, ఈ నిండుదనం ఏ వ్యతిరేక పదాల పట్టికలోనూ ఇమడవు.

ఇక ముందు తగిలించే ముక్కల సంగతి. అన్, ఇన్, ఇమ్, డిస్. ఇక్కడ మన పిల్లలకు ఒక వాటం ఉంది, ఎవరూ చెప్పరు. న్యాయానికి అన్యాయం, అర్హతకు అనర్హత. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. ఈ సంస్కృత ముక్క, గ్రీకు ‘అన్’, లాటిన్ ‘ఇన్’, ఇంగ్లీషు ‘అన్’ అన్నీ ఒక తల్లి పిల్లలే. మన అనామకుడూ, వాళ్ళ ‘అనానిమస్’ కూడా చుట్టాలే, ముందున్న అ మాత్రమే కాదు, వెనకున్న నామం కూడా ఒక్కటే. యాంటనిమ్‌లో చివరనున్నదీ ఆ నామమే. ‘ఇన్’ కాస్తా పాసిబుల్ ముందు ‘ఇమ్’ ఎందుకయిందో బట్టీ పట్టనక్కర్లేదు. ‘సంతోషం’, ‘సంపద’ పలికి చూడండి. రాసింది ఒకే సున్నా. మొదటిదాంట్లో న్, రెండోదాంట్లో పెదవులు మూసి మ్. లీగల్ ముందు ఇల్ ఎందుకయిందంటే, ఉత్ కలిసిన లాసం ఉల్లాసం అయినందుకే.

అయితే ఈ ముక్కల్ని గుడ్డిగా నమ్మకూడదు. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువ లేనిదని కాదు, వెలకట్టలేనిదని. మన అమూల్యం చూడండి, అచ్చం అదే కథ. ‘ఇన్‌ఫేమస్’ అంటే పేరు లేనివాడు కాదు, పాడుపేరు తెచ్చుకున్నవాడు. ‘డిస్‌గ్రంటిల్డ్’ అంటే గుర్రుగా ఉన్నవాడు. అందులో ‘డిస్’ కాదని చెప్పేది కాదు, గొణుగుణ్ణి ఇంకాస్త పెంచేది. అది కాదనే ముక్క అనుకుని, దాన్ని తీసేసి, తృప్తిగా ఉన్నవాణ్ణి ‘గ్రంటిల్డ్’ అని వాడాడు హాస్యరచయిత వుడ్‌హౌస్ 1938 నాటి నవలలో, సరదాకి. మనవాళ్ళు ఆ పని ఎప్పుడో చేశారు, అదీ గంభీరంగా. వేదంలో వరుణుడి వంటి దేవతల్ని కూడా అసురులన్నారు. తర్వాత ఎవరో అందులో ‘అ’ను కాదనే ముక్కగా విడదీశారు, ‘సుర’ పుట్టింది, దేవతలు సురలయ్యారు. భాషాశాస్త్రజ్ఞులు చెప్పే మాట ఇది.

ఇంకో ఇన్ ఉంది, కాదనేది కాదు, లోపలికి అనేది. ఇలాంటి చిక్కు మనకూ ఉంది. అనుచితంలో ఉన్నది అన్, అనుకూలంలో ఉన్నది అను. చూడ్డానికి రెండూ ఒకటే. అలాగే హైవే మీద పెట్రోలు ట్యాంకరు వెనక ఎర్రక్షరాల్లో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంటుంది చూశారా, ఆ ఇన్ కాదనేది కాదు. లాటిన్‌లో అంటించడం అనే క్రియలోంచి వచ్చింది. అది మండదని పొరబడి జనం ప్రాణాల మీదికి తెచ్చుకుంటారేమోనని అమెరికాలోని జాతీయ అగ్నిప్రమాద నివారణ సంఘం 1920లలోనే ఆ ‘ఇన్’ తీసేసి ‘ఫ్లేమబుల్’ అని రాయమని కోరింది. అక్కడ మారింది. మన ట్యాంకర్ల మీద పాతదే ఇంకా కనిపిస్తుంటుంది. రెండింటికీ అర్థం ఒక్కటే, మండుతుందని. ఎదురు మాట ‘నాన్‌ఫ్లేమబుల్’.

ఇన్‌ఫ్లేమబుల్, ఫ్లేమబుల్ రెండింట్లో ఏది కనిపించినా బండి కాస్త దూరంగా ఉంచండి, జేబులో బీడీ జేబులోనే ఉండనివ్వండి. వస్తాను.